రెండువేల రెండు, జనవరి ఒకటి

హీయుమా దీవిలో నవంబరు.
మూడున్నరకే వెలుతురు దుకాణం కట్టేసింది.
గ్రంథాలయం బస్సును జూనిపర్ పొదల పక్కన ఆపి
అడిగిన రెండు పుస్తకాలూ, అడగని ఒక స్క్రూడ్రైవరూ పట్టుకుని
సాల్మె ఇంటి మెట్లెక్కాను.

"ఉత్తరాలు రావడం లేదు" అంది,
నేనే ఆపినట్టు.
"ఏ సైటుకెళ్ళినా గడప దగ్గరే ఆపేస్తున్నారు."
ఎప్పట్నుంచి?
"వసంతం నుంచి. వేసవిలో ఎవరికి తీరిక?"

కంప్యూటర్ వంటగదిలో ఉంది, పొయ్యికీ కిటికీకీ మధ్య.
తెల్లగా పుట్టి, టీ రంగుకి తిరిగింది.
మీట నొక్కితే ముందు దగ్గింది,
తర్వాత ఒప్పుకుంది.
అది పూర్తిగా లేచేలోపు
నల్లరొట్టె, దాని మీద వెన్న, దాని మీద తేనె
తినడం కూడా అయిపోయింది.

ముందు అందరూ చేసేదే చేశాను.
రౌటర్ ప్లగ్గు పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాను.
అదే వైఫై మీద నా ఫోన్ గంతులేస్తోంది.
తీగ మార్చాను.
కుకీలు తీసేయాలి అన్నాను.
ఆమె బిస్కెట్ల డబ్బా మూత తీసింది.

పాస్‌వర్డ్ తేనె సీసా చీటీ వెనక ఉంది:
ఒక రాణీగ పేరు, అది చచ్చిన ఏడాది.
అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కొట్టాను.
తెర ఎర్రగా చూసింది.
ధ్రువపత్రం చెల్లదట.
బ్యాంకుదీ చెల్లదు, వాతావరణ కేంద్రానిదీ చెల్లదు,
చివరికి ఫెర్రీ టిక్కెట్లదీ.
లోకమంతా ఒక్కసారే దొంగలైపోతుందా?

"కొత్తది కొనొచ్చుగా" అన్నాను, అనకూడదని తెలిసీ.

పందొమ్మిదేళ్ళ లెక్క ఇందులో ఉందంది.
ఏ పెట్టెలో ఏ రాణి, ఏ వేసవికి ఎంత తేనె,
ఏ గుంపు ఎవరి ఆపిల్ చెట్టుకి ఎగిరిపోయింది.
ఆ ప్రోగ్రాం ఇంకే యంత్రంలోనూ నడవదు.
చెప్పి, మోకాళ్ళ మీద కూర్చుని
డబ్బాకి చెవి ఆనించింది.
"చచ్చిన పెట్టె చప్పుడు వేరు.
ఇందులో రాణి ఉంది."

ఆమె తల పక్కకి జరిగాక కనిపించింది
తెర మూలన, చీమంత అక్షరాల్లో:
అర్ధరాత్రి దాటి నలభై నిమిషాలు,
రెండువేల రెండు, జనవరి ఒకటి.

ఓహో.
ప్రతి రాత్రీ కరెంటు బిల్లుకి భయపడి ప్లగ్గు పీకేస్తుంది ఆమె.
ప్రతి ఉదయం దానికి మళ్ళీ అదే కొత్త సంవత్సరం.
మొన్న ఆగస్టులో రాసిన పత్రాలు పట్టుకుని
బ్యాంకు వస్తుంది, ఫెర్రీ వస్తుంది.
ఇది తలుపు సందులోంచి చూసి
"మీరింకా పుట్టలేదే" అంటుంది.
పుట్టనివాళ్ళకి తలుపు తీయకపోవడం
తప్పెలా అవుతుంది?

"రెండువేల రెండులో ఏం చేస్తుండేదానివి?" అడిగాను.
"క్రూన్లు లెక్కపెడుతుండేదాన్ని.
ఆ చలికి ఏడు పెట్టెలు పోయాయి.
నేనక్కడికి మళ్ళీ వెళ్ళను. తేదీ మార్చు."

పక్క రేకు విప్పితే
దూది లాంటి దుమ్ము, ఎండిన తేనెటీగ ఒకటి,
నాణెమంత బ్యాటరీ.
అలాంటిదే ఆమె తేనె తూచే కాటాలో దొరికింది.

సైట్లు తెరుచుకున్నాయి. మెయిలు తెరుచుకోలేదు.
నూట పదో నంబరు వాకిలి ఎప్పుడో మూసేశారు పోస్టువాళ్ళు.
తొమ్మిది వందల తొంభై ఐదుకి తిప్పి
తాళం బొమ్మ పక్కన టిక్కు పెడితే
అప్పుడు కదిలింది, ఒక్కొక్కటిగా, రెండు వందల పద్నాలుగు.

విత్తనాల ప్రకటనలు. ఫెర్రీ వేళల మార్పు,
ఆ మార్పుకి మరో మార్పు.
ఎవరో ఆమెకి లాటరీ తగిలిందన్నారు.
తార్తు నుంచి ఉర్మాస్,
మార్చిలో: తేనె ఉందా?
ఏప్రిల్లో: ఉందా?
జూన్‌లో: కోపమా?

ఒంటి వేలితో చాలాసేపు కొట్టింది సాల్మె.
ఉంది. కోపం లేదు. గడియారం.

వెళ్ళేటప్పుడు ఒక సీసా ఇచ్చింది.
కాటా ఇప్పుడు గుడ్డిది గనక అరచేతిలో ఎత్తి చూసి
"ఏడు వందల గ్రాములు" అంది.
చచ్చిన బ్యాటరీని బొత్తాల డబ్బాలో వేసింది.
దానికి రంధ్రాలు లేవన్నాను.
"చూద్దాం" అంది.